పద్నాలుగో నంబర్ ఎక్కడ?

"పదమూడు... పదిహేను."

మళ్ళీ ఎగిరిపోయింది నా నంబర్!

తెనాలిలో మా కంప్యూటర్ కోర్సుకి ల్యాబ్ లీడర్ లిడియా. మార్కులు వేయడానికి ఒక్కొక్కరినీ పిలిచే ప్రోగ్రాం ఆమే రాసింది. పద్నాలుగో నంబర్ అజయ్ బాబు, అంటే నేను. నాలుగు వారాలుగా ఇదే వరస. అందరూ అయ్యాక, "సార్, అజయ్ మిగిలిపోయాడండి" అంటుంది. ఈలోగా నాలుగున్నర రేపల్లె ట్రైన్ వెళ్ళిపోతుంది. తర్వాతి ట్రైన్లో ఎదురుగా కూర్చుని వేరుశనక్కాయలు పెట్టబోతుంది. వెటకారం కాకపోతే ఏంటి? నేనొక్కటీ ముట్టలేదు.

ఈరోజు మాత్రం కోర్సు మధ్యలో వచ్చే అసలు పరీక్ష. యోబు సార్ బ్యాగు సర్దేస్తున్నారు.

"నేను బాపట్ల వెళ్ళాలి. ప్రోగ్రాం పిలిచిన లిస్టులో పేరు లేనివాళ్ళు రానట్టే."

అంటే కోర్సు పోయినట్టే! ఒళ్ళు మండి, ఆమె సిస్టమ్‌లో ప్రోగ్రాం తెరిచాను. నంబర్లని వరసగా పిలిచే లూప్ మధ్యలో దొరికింది: నంబర్ పద్నాలుగైతే, కంటిన్యూ.

"ఏంటిది లిడియా? నా మీద ఎందుకంత కక్ష?"

"కక్షా!" ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నీకు ముందే అయిపోతే నాలుగున్నరకే వెళ్ళిపోతావు. నేను ల్యాబ్ తాళం వేసుకుని వచ్చేసరికి ఉండవు. ఇవాళ తీసేద్దామనుకున్నా... మర్చిపోయా."

ఆమే సార్ దగ్గరికి పరుగెత్తింది.

"తప్పు నాదేనండి. అతని నంబర్ దగ్గర కంటిన్యూ పెట్టి నేనే దాటించానండి."

సార్ మా ఇద్దరినీ అనుమానంగా చూశారు.

"ఏమయ్యా, కంటిన్యూ ఏం చేస్తుంది?"

"ఆ ఒక్క వంతు వదిలేసి తర్వాతి దానికి పోతుందండి. లూప్ ఆగదండి."

"బ్రేక్ పెట్టుంటే?"

"అక్కడితో ఆగిపోయేదండి. నా తర్వాత ఎవరినీ పిలిచేది కాదండి."

సార్ మళ్ళీ కూర్చుని మార్కులు వేశారు.

మరుసటి వారం నా నంబర్ వరసలోనే వచ్చింది. లిడియా తలెత్తలేదు. నేను స్టేషన్‌కి వెళ్ళిపోయాను.

ట్రైన్ వెళ్ళిన చాలాసేపటికి ఆమె వచ్చి, బెంచీ మీద నన్ను చూసి ఆగిపోయింది.

"మిస్సయ్యావా?"

"లేదు. ఎక్కలేదు."

"ఎందుకు?" ఈసారి అనుమానం ఆమెది.

వేరుశనక్కాయల పొట్లం ఆమె ముందు పెట్టాను. "నువ్వంటే ఇష్టం లిడియా. నువ్విచ్చినప్పుడే తీసుకోవాల్సింది."

ఆమె పొట్లం వైపు, నా వైపు చూసింది.

"ముందు నువ్వు తిను."

తిన్నాను. అప్పుడు పక్కన కూర్చుంది.