పినపాక ఎత్తు మీద ఎక్కిళ్ళు

ఆ శనివారం తెల్లారేసరికి ఖమ్మం మీద మబ్బు నల్లగా దిగి ఉంది. మార్కెట్ యార్డులో మిర్చి కుప్పల మీద పట్టాలు కప్పడానికి జనం ఉరుకులాడారు. ఒక్క చినుకూ పడలేదు. మబ్బు కొత్తగూడెం వైపు జరిగిపోయింది. ఏడయ్యేసరికి ఎండ ఎప్పటిలాగే నెత్తికెక్కింది.

యార్డు ఎదురుగా మేడ మీద ప్రైవేటు డిటెక్టివ్ సునంద ఆఫీసు. ఆమె అసిస్టెంట్ రూప్‌సింగ్ కిటికీ తెరుస్తుంటే ఒక మనిషి మెట్లెక్కి వచ్చి గడప దగ్గరే ఆగిపోయాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. గోళ్ళ నిండా గ్రీజు. మాటిమాటికీ జేబు తడుముకుంటున్నాడు.

"జేబుల ఏం పోయింది భాయ్?" అంది సునంద, పేపర్లోంచి తలెత్తకుండానే.

"తాళంచెవి మేడమ్. పోలే. గుంజుకున్నరు."

అతని పేరు ఖాలిద్. మట్టి ట్రాకుల మీద జీపు పందేలాడే గరుడ టీముకు మెకానిక్. ఓనరు వెంకటరామారావుది సత్తుపల్లి. రెండేళ్ళుగా గరుడ జీపుకు ఎదురు లేదు. ఒక్క పినపాకలో మాత్రం వరసగా మూడుసార్లు ఓడింది. నిన్న సాయంత్రం ఓనరు ఖాలిద్ దగ్గర షెడ్డు తాళంచెవి తీసేసుకున్నాడు.

"నేనే బండి ఖరాబ్ చేస్తున్ననట మేడమ్. రేపు అక్కడే పందెం. రేపు గూడ ఓడితే షెడ్డు మొఖం చూడొద్దన్నడు. గా పేరు పడ్డంక ఖమ్మంల నా చేతికి పానా ఇచ్చేదెవలు?"

"నీ మీదనే ఎందుకు అనుమానం?"

"దీపావళికి బూర్గంపాడు టీమోళ్ళు మా దగ్గరికి రమ్మన్నరు. నేను రానన్న. ఆ ముచ్చట మా సార్ చెవిల పడ్డది."

"పినపాకల బండికేమైతది?"

"ఎత్తెక్కేటప్పుడు ఎక్కిళ్ళు పడ్తది. గుంజుతది, వదుల్తది, మళ్ళ గుంజుతది. పెట్రోలు అందనట్టే ఉంటది. ఫిల్టర్ విప్పి చూసిన, పంపు మార్చిన. ఏం లేదు."

"ఎప్పటిసంది?"

"పోయినేడు గాడ మేమే గెలిచినం. జనవరి సందే గిట్ల."

సునంద కాగితం మీద జనవరి అన్న ఒక్క మాటే రాసుకుంది. రూప్‌సింగ్ తొంగి చూశాడు. ఈ ఒక్క మాటతో మేడమ్ ఏం చేస్తుందో అతనికి తెలియలేదు. తెలియకపోవడం అతనికి అలవాటే. కారు తాళాలు తీసుకున్నాడు.

పదిన్నరకు పినపాక దాటి పందెం మైదానం చేరారు. ఒక పక్క అడవి. ఇప్పపూలు రాలి నేలంతా తీపి వాసన. మరో పక్క గట్టులాంటి ఎత్తు. ట్రాకు దాని మీదికెక్కి, మలుపు తిరిగి దిగుతుంది. ప్రాక్టీసు నడుస్తోంది. పద్ధతి తేలికే. జీపులు ఒకదాని తర్వాత ఒకటి పరుగెత్తుతాయి, తక్కువ సమయంలో చుట్టొచ్చినదే గెలుపు. వెనకబడినవాళ్ళు ముందు, గెలుస్తూ వచ్చినవాళ్ళు చివర. అందరికంటే చివర గరుడ.

టెంటు కింద కూర్చున్న వెంకటరామారావు ఖాలిద్‌ని చూసి మొహం తిప్పుకున్నాడు.

"డిటెక్టివ్‌ని తెచ్చుకున్నాడా? బావుందమ్మా. బానెట్ ఎత్తి చూడండి, వాడి చెయ్యెక్కడ ఆడిందో మీకే తెలుస్తుంది."

"నాకు ఇంజన్లు తెల్వవు సార్," అని సునంద ట్రాకు వైపు చూస్తూ నిలబడింది.

గరుడ జీపు నడిపే భాను దగ్గరికొచ్చింది. బొగ్గు గని కార్మికుడి కూతురు. హెల్మెట్ చంకలో ఉంది. "మేడమ్, ఎత్తు మీద నేను భయపడి యాక్సిలరేటర్ మీదికెల్లి కాలు తీస్తున్ననని కొందరంటున్నరు. తియ్యకపోతే బండి అడ్డం తిరుగుతది. ఆళ్ళు ఒక్కసారి కూసోని చూస్తే తెలుస్తది."

మిగతా జీపులన్నీ అయ్యాక, చివరి బండికి ముందు ఎప్పటిలాగే, దుమ్ము చూసేవాళ్ళ మీద పడకుండా నీళ్ళ ట్యాంకరు ట్రాకంతా ఒక చుట్టు తిరిగింది. కింద నీళ్ళు ఏకధారగా పడ్డాయి. ఎత్తు మీద మాత్రం సుర్రుమని పడి ఆగి, మళ్ళీ సుర్రుమన్నాయి. "వాల్వు సరిగ్గ లేనట్టుంది," అన్నాడు రూప్‌సింగ్. సునంద అతన్ని మెచ్చుకోలుగా చూసింది.

వెంటనే భాను బయల్దేరింది. కింద బాణంలా వచ్చిన బండి ఎత్తు మీద నిజంగానే ఎక్కిళ్ళు పడింది.

సునంద పావుగంట ఆగి ఎత్తెక్కింది. అప్పటికే ఎండకు నేల ఆరి ఒకే రంగులో ఉంది. ఆమె తల వంచుకుని అడుగులు కొలుస్తూ నడిచింది. పది అడుగులు చక్రం గీరుకుపోయిన మట్టి. పది అడుగులు సాఫు. మళ్ళీ పది అడుగులు గీరుడు. పైదాకా అంతే.

కింద ట్యాంకరు నీడలో అరవై దాటిన మనిషి బీడీ కాలుస్తున్నాడు. పేరు జంపయ్య.

"రిటైరై ఎన్నాళ్ళాయె అన్నా?"

"డిసెంబర్ల. నీకెట్ల తెలుసు చెల్లె?"

"అవి గని బూట్లు గద."

జంపయ్య బూట్లు చూసుకుని నవ్వాడు. "ముప్పై రెండేండ్లు ఓపెన్‌కాస్టు గనిల నీళ్ళ ట్యాంకరే. ఇంట్ల ఊకె కూసుంటే మా ఇంటిది ముత్తక్క తిడ్తది. గందుకే ఇది కొనుక్కున్న."

"నువ్వు నీళ్ళు కొట్టిన ఎత్తు మీద బొగ్గు మోసే డంపర్ ఎన్నడన్న జారిందా?"

"ఒక్కటి గూడ జారలే," అన్నాడు జంపయ్య. ఆ మాట అనేటప్పుడు బీడీ చేతిలోకి తీసుకున్నాడు.

నాలుగింటికి సునంద అందరినీ ఎత్తు పక్కన నిలబెట్టింది. బూర్గంపాడు జీపును కూడా అడిగి తెప్పించింది. "జంపన్నా, పొద్దున కొట్టినట్టే కొట్టు. ఆరకముందే బూర్గంపాడు బండి పోవాలె."

ట్యాంకరు తిరిగింది. బూర్గంపాడు జీపు ఎత్తెక్కింది. గుంజింది, వదిలింది, గుంజింది.

వెంకటరామారావు కుర్చీలోంచి లేచాడు. "ఇదేంటి, దానికీ అదే రోగమా?"

"అవ్ సార్. ఆ బండి మీద ఖాలిద్ చెయ్యి పడలే గద," అంది సునంద. "అతను అమ్ముడువోతే బూర్గంపాడోళ్ళను వాళ్ళ సొంత ఊర్ల గెలిపిస్తడు. గాడ గూడ మీరే గెలిచిన్రు. అందరు బానెట్ కింద చూసిన్రు, నేను చక్రాల కింద చూసిన. పది అడుగులు తడి, పది అడుగులు పొడి. తడి మీద చక్రం ఊకె తిరుగుతది, పొడి మీద పట్టుకుంటది. అదే ఎక్కిళ్ళు. పావుగంటల నేల ఆరిపోతది. తడి మీద పొయ్యేది చివరి బండి ఒక్కటే. అంటే గెలిచేటోళ్ళ బండి. పోయినేడు వేరే ట్యాంకరుండె. జనవరి సంది ఇది."

అందరి కళ్ళూ జంపయ్య మీదికి తిరిగాయి. అతని మొహం వాడిపోయింది.

"గనిల గట్లనే కొట్టాలె చెల్లె. ఎత్తంత తడిపితే లోడు డంపర్ బ్రేకుకు ఆగదు. పట్టీలు పట్టీలుగ కొడితే పొడి జాగల చక్రం నిలుస్తది. ఎత్తు కనవడితే నా చెయ్యి దానంతటదే వాల్వు కట్టేస్తది. అంటే... ఈ పిల్ల బండి నేనే ఆపిన్నా?"

"డంపర్లను కాపాడినవ్ అన్నా," అంది సునంద. "ఇక్కడ డంపర్ లేదు, గంతే. దొంగ గూడ లేడు."

జంపయ్య ట్యాంకరెక్కాడు. ఈసారి ఎత్తు మీద కింద నుంచి పైదాకా సన్నగా, తెగకుండా నీళ్ళు పట్టాడు. భాను బయల్దేరింది. జీపు ఒకే గొంతుతో ఎత్తెక్కి మలుపు తిరిగింది. పొద్దటికంటే ఆరు సెకన్లు తక్కువ.

"గాలి మార్పు, నీళ్ళ మార్పు అంటరు, గిది నిజంగ నీళ్ళ మార్పే," అన్నాడు రూప్‌సింగ్, "జనవరి అని రాసుకున్నప్పుడే మీకు తెలిసిందా మేడమ్?"

"లే. వాల్వు సరిగ్గ లేదని నువ్వన్నవ్ సూడు, అప్పుడు."

రూప్‌సింగ్ ఆ మాట మూటగట్టి దాచుకున్నాడు.

తినకుండా పోతే ఊరుకోనని జంపయ్య పట్టుబట్టాడు. అడవి అంచున వాళ్ళ ఇల్లు. అతని భార్య ముత్తక్క వాకిట్లో చాప పరిచి అందరికీ పళ్ళేలు పెట్టింది. వేడన్నం, దోసకాయ పప్పు, ఎండుచేపల పులుసు. వెంకటరామారావు ఎక్కడ కూర్చోవాలో ఒక్క క్షణం చూసుకుని, ఖాలిద్ పక్కన చతికిలబడ్డాడు. జేబులోంచి షెడ్డు తాళంచెవి తీసి ఖాలిద్ పళ్ళెం పక్కన పెట్టాడు.

ఖాలిద్ కుడిచెయ్యి అన్నంలో ఉంది. ఎడమచేత్తో తాళంచెవి తీసి జేబులో వేసుకుని, పప్పు గిన్నె ఓనరు వైపు జరిపాడు.

పొద్దు గుంకుతుంటే అందరూ తింటూ ఉన్నారు.