అతికిన అబద్ధం

ట్రాక్టరుకు అడ్డంగా నిలబడ్డ మనిషిని చూసి నెడ్ గారడ్ బ్రేకు తొక్కాడు. ఆ ఇంటిపేరు చివర ఒక దీర్ఘం తగిలిస్తే గారడీ అవుతుంది గానీ, ఇరవై ఎనిమిదేళ్ల ఈ నెడ్‌కు గారడీ మాట అటుంచి, పేకాటలో ముక్క దాచడం కూడా చేతకాదని హాలోడెన్ ఊరంతటికీ తెలుసు.

అడ్డం నిలబడింది ఒక అమ్మాయి. మోకాళ్లదాకా రబ్బరు బూట్లు, వాటి నిండా ఇంగ్లండులోని సఫోక్ జిల్లా బంకమట్టి, చంకలో వెదురుబద్దల కట్ట. వాన ముక్కు చివరినుంచి కారుతున్నా తుడుచుకునే ఉద్దేశం ఉన్నట్టు లేదు.

"ఈ చేలో ఇవాళ విత్తడానికి వీల్లేదు," అంది.

"ఇది మా చేనండీ."

"తెలుసు. అందుకే మీ నాన్నగారికి ఉత్తరం రాశాను. సరేనని జవాబిచ్చారు."

"మా నాన్న ఉత్తరాలు విప్పకుండానే సరేనంటారు."

"అయితే నా అదృష్టం బాగుంది. నాకు రెండు వారాలు కావాలి."

ఆమె పేరు టామ్సిన్ లీక్. ఆ జిల్లాలో పాతకాలపు జనం ఎక్కడెక్కడ కాపురాలున్నారో చేలన్నీ నడిచి కనిపెట్టడం ఆమె ఉద్యోగం. దున్నిన చేను మీద నాలుగు వానలు పడితే పాత కుండపెంకులు మట్టి కడుక్కుని పైకి కనిపిస్తాయి. పైరు మొలిచిందంటే మళ్లీ ఏడాది ఆగాలి.

"రెండు వారాలు ఆగితే నా గోధుమ ఏమైపోవాలి?"

"రోమన్ల కాలంవాళ్లు పదహారు వందల ఏళ్లుగా ఆగారు. మీ గోధుమ పద్నాలుగు రోజులు ఆగలేదా?"

నెడ్ ట్రాక్టరు వెనక్కి తిప్పాడు. వెనక్కి తిరిగి ఆమెనే చూస్తూ పోనిచ్చి గేటు స్తంభాన్ని గుద్దాడు.

మూడోరోజుకల్లా ఆమె వెంట సంచులు మోస్తున్నాడు. ఇరవై అడుగులకొక వెదురుబద్ద పాతాలి, బద్ద నుంచి బద్దకి వంగి నడవాలి, దొరికిన పెంకు ఏ వరసలో దొరికిందో సంచి మీద రాయాలి. పెంకు కన్నా ఆ రాతే ముఖ్యమని టామ్సిన్ పదిసార్లు చెప్పింది.

"నేల చూడండి, నెడ్."

"నేలే చూస్తున్నాను."

"నేలంటే నా బూట్ల చుట్టూ ఉన్నది ఒక్కటే కాదు."

మధ్యాహ్నాలు డోరా అత్త వంటింట్లో టీ. పెళ్లి చేసుకోకుండా అన్న ఇంట్లోనే ఉండిపోయిన డోరా అత్తకు ఎదుటివాళ్ల పెళ్లిళ్ల మీద మహా ఆసక్తి.

"మావాడు చర్చికి వెళ్లేటప్పుడు కూడా తల దువ్వడమ్మా. నువ్వొచ్చాక వారంలో రెండుసార్లు దువ్వాడు," అంది కేకు కోస్తూ.

"అత్తా, ఇంక ఆపు."

"ఆపుతానురా. ఆమె చెవిన పడిందిగా, చాలు."

ఏటి పక్కన ఉన్న ఏటిచేను మూడు సంచుల పెంకులిచ్చింది. అది ఎవరూ ఆశ్చర్యపోయే సంగతి కాదు. టామ్సిన్ ఆశంతా మైలు దూరంలో, గట్టు పైనున్న మిట్టచేను మీద. అంత బంకమట్టిలో పాతకాలంవాళ్లు ఉండనే ఉండరని పెద్దలందరూ పుస్తకాల్లో రాసేశారు. ఉన్నారని ఈమె పంతం. కానీ శనివారందాకా నడిచినా మిట్టచేలో పొద్దుతిరుగుడు గింజంత పెంకు కూడా దొరకలేదు.

"సోమవారం ఒక్క వరస చూసుకుని వెళ్లిపోతాను. జిల్లాకి ఆ చివర ఇంకో ఊరుంది," అంది.

"ఓహో," అన్నాడు నెడ్.

ఆదివారం పొద్దున ఊరంతా చర్చిలో పాటలు పాడుతుండగా నెడ్ కొట్టంలోకి వెళ్లాడు. వాళ్ల తాత నలభై ఏళ్లపాటు ఏటిచేనూ చుట్టుపక్కల చేలూ దున్నుతూ, నాగలికి తగిలిన పెంకల్లా ఏరి ఒక బకెట్లో పడేసేవాడు. ఆ బకెట్ మిట్టచేనుకు తీసుకెళ్లి విత్తనం జల్లినట్టు గుప్పిళ్లతో జల్లాడు. పాపం, అతను చరిత్ర మార్చాలనుకోలేదు. ఇంకొక్క వారం కావాలనుకున్నాడు, అంతే.

సోమవారం టామ్సిన్ ఆ బురదలో మోకాళ్ల మీద కూలబడింది. నలభై మూడు పెంకులు. లేచి పరిగెత్తుకొచ్చి నెడ్ మెడ పట్టుకుంది.

"నవ్విన నాపచేనే పండింది, చూశావా? నాతోపాటు నువ్వొక్కడివే నమ్మావు, నెడ్."

మొదటిసారి నువ్వు అంది. ఆ పిలుపు కోసం అప్పుడు ఇంకో పది బకెట్లు మోసుకు రమ్మన్నా తెచ్చేవాడు.

వారం కాస్తా చలికాలమంతా అయింది. డోరా అత్త వంటింటి బల్ల మీద పాత పళ్లబ్రష్షులతో పెంకులు కడగడం, పేపర్ల మీద ఆరబెట్టడం, ఒక్కో పెంకు వెనక సిరాతో సన్నగా చేను పేరు రాయడం. నెడ్ చేతిరాత కోడి గీకినట్టుందని ఆమె, సిరా ఆమె ముక్కుకు కూడా అంటిందని ఇతను. ఆ ముక్కు తుడిచే వంకతో మొదటి ముద్దు కూడా అయింది. డోరా అత్త ఆ సమయానికి బొగ్గుల కోసం బయటికి వెళ్లి, రెండు బొగ్గులు తేవడానికి అరగంట తీసుకుంది.

జనవరిలో టామ్సిన్ మ్యాపు గీసింది. మిట్టచేను మధ్యలో ఎర్రచుక్క. ఫిబ్రవరిలో ఊరి హాల్లో దాన్ని గోడకు తగిలించి మాట్లాడింది. జిల్లా నుంచి వచ్చిన పెద్దమనుషులు చప్పట్లు కొట్టారు. వసంతంలో మ్యాపు అచ్చువేస్తామని, ఆపైన మిట్టచేలో ఆమె పెత్తనం కిందే తవ్వకం మొదలుపెడతామని అన్నారు. వెనక వరసలో కూర్చున్న నెడ్ అందరికన్నా ముందే లేచి బయటికి వెళ్లిపోయాడు.

చెప్పాలని ప్రతిరోజూ అనుకున్నాడు. ఇవాళ జలుబుతో ఉంది, రేపు చెబుదాం. ఇవాళ మరీ సంతోషంగా ఉంది, ఎల్లుండి చెబుదాం. డోరా అత్త తన తల్లి ఉంగరం తీసి అతని చేతిలో పెట్టి నెల దాటింది. నిజం చెప్పాకే ఉంగరం ఇవ్వాలనుకున్నాడు. నిజమూ చెప్పలేదు, ఉంగరమూ ఇవ్వలేదు.

మార్చిలో ఒక మధ్యాహ్నం వంటింటి బల్ల దగ్గర్నుంచి టామ్సిన్ కేకేసింది.

"నెడ్, ఇలా రా. త్వరగా."

ఆమె రెండు చేతుల్లో రెండు నారింజరంగు పెంకులు. వాటి మీద అలల్లాంటి గీతలు. ఒకటి ఏటిచేలో ఆమె స్వయంగా ఏరింది. రెండోది మిట్టచేనుది. రెండూ దగ్గరికి తెచ్చింది. గీతకు గీత కలిసి అతుక్కుపోయాయి.

"ఒకటే కుండ," అంది నవ్వుతూ. "సగం ఏటి దగ్గర, సగం మైలు దూరాన మిట్టమీద. పగిలిన కుండముక్క మోసుకుని మిట్టెక్కే పిచ్చివాడెవడంటావ్?"

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు పెద్దలు. నెడ్ అబద్ధం వెంట్రుక దూరే సందు లేకుండా అతికింది.

"నేనే," అన్నాడు.

ఆమె ఇంకా నవ్వింది. అతని ముఖం చూసి ఆపేసింది.

బకెట్ సంగతి, ఆదివారం సంగతి, గుప్పిళ్ల సంగతి అన్నీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమె ఆ రెండు పెంకులూ అలాగే కలిపి పట్టుకుంది.

"ఎందుకు?"

"సోమవారం నువ్వు వెళ్లిపోతానన్నావు."

"వెళ్లొద్దని అనొచ్చుగా."

"ధైర్యం చాల్లేదు."

"ఆ శనివారం మీరు ఆ మాట అంటారేమోనని మీ గేటు దగ్గర పావుగంట బూట్లు కడుక్కున్నాను, నెడ్. శుభ్రంగా ఉన్న బూట్లే మళ్లీ మళ్లీ కడిగాను."

మీరు అంది. దానికన్నా ఆ పావుగంట నెడ్‌ను ఎక్కువ కోసింది. అడగకుండానే దొరికేదాన్ని దొంగతనం చేసినట్టయింది.

తలుపు దగ్గర డోరా అత్త నిలబడి ఉంది. "వాడు వెధవే గానీ చెడ్డవాడు కాదమ్మా," అంది మెల్లగా.

"చెడ్డవాడైతే బాగుండేదండీ. నాలుగు తిట్టి పోయేదాన్ని."

టామ్సిన్ మిట్టచేను పెట్టె మూత తీసి, అడుగునుంచి ఒక చిన్న సంచి బయటికి లాగింది. అందులో బొటనవేలంత నల్లటి పెంకు, తెల్లటి రాతినలుసులతో.

"మిగతావన్నీ కుమ్మరి చక్రం మీద చేసినవి. ఇది చేత్తో చేసింది, రోమన్లకన్నా నాలుగైదు వందల ఏళ్ల పాతది. దీన్ని నమ్ముకునే చలికాలమంతా పనిచేశాను. ఇది మీరు జల్లినదేనా? కాకపోతే మిట్టమీద నిజంగానే మనుషులున్నట్టు. నా మ్యాపు నిలబడుతుంది, తవ్వకం జరుగుతుంది."

ఆమె కళ్లు బతిమాలుతున్నాయి. జల్లలేదు అని ఒక్క మాటంటే చాలు. ఆమె పని దక్కుతుంది, బహుశా ఆమె కూడా దక్కుతుంది. తాత బకెట్లో ఎర్రవీ నల్లవీ ఏవేవో ఉండేవి. ఆ ఆదివారం నెడ్ చూపంతా చర్చి దారి మీదే ఉంది.

"తెలియదు," అన్నాడు.

"ఆలోచించి చెప్పండి."

"ఆలోచించాను. చూసి వెయ్యలేదు, టామ్సిన్. గుప్పిళ్లతో వేశాను. నిజంగా తెలియదు."

ఆమె పెన్సిల్ తీసి సంచి మీద మిట్టచేను అన్న మాట కొట్టేసింది. కింద 'దొరికిన చోటు తెలియదు' అని రాసింది. ఎప్పుడో ఎవరో ఆ మిట్టమీద పొయ్యి వెలిగించుకుని, చేత్తో కుండ చేసుకుని బతికారేమో. ఒక్క వారం కోసం నెడ్ వాళ్లను లేకుండా చేశాడు. ఏడుపొచ్చింది గానీ, ఏడవడానికి తనకు హక్కు లేదనిపించింది.

పెట్టెలన్నీ అతనే కారులోకి మోశాడు. సన్నగా వాన. ఆమె స్టీరింగు ముందు కూర్చుని అద్దం దించింది.

"ఇవాళే ఉత్తరం రాస్తాను, ఆ మ్యాపు అచ్చువెయ్యొద్దని," అంది. "తప్పు నాదేనని రాస్తాను. మీ పేరు రాయను."

"నా పేరే రాయండి."

ఆమె తలూపింది.

"జల్లలేదని మీరు అని ఉంటే నమ్మేసేదాన్ని."

"తెలుసు. అందుకే అనలేదు." నెడ్ కారు అద్దం అంచు పట్టుకున్నాడు. "వెళ్లొద్దు, టామ్సిన్."

"ఈ మాట నిజమేనని తెలుస్తోంది. ఇదివరకు చెప్పినవాటిలో ఏవి నిజమో ఒక్కొక్కటీ తిరగేసి చూసుకోవాలి. టైం పడుతుంది."

"ఎంత?"

టామ్సిన్ కారు స్టార్ట్ చేసింది.

"తెలియదు, నెడ్," అంది.