లస్మవ్వ పిల్లులకు ఎవలు పెడ్తరు

నవ్వుడు బంద్ చేసి సదువుర్రి. ఇది మా అమ్మమ్మోళ్ల బాపు కైలాసం ముచ్చట. 1958ల కరీంనగర్ల మగ్గాలోళ్ల గల్లిల ఉండెటోడు. నోరు తెరిస్తే తిట్లే.

పొద్దుగాల నూలుకు గంజి పెట్టి, గల్లి పొడుగూత పడుగు, అంటే నిలువు పోగులు, సాపి ఆరవెట్టేటోళ్లు. గా గంజి వాసనకు పిల్లులొచ్చి నాకేటివి. పోగులు తెగేటివి. గా పిల్లులకు తిండి పెట్టేది లస్మవ్వ. ఒక్కతే ముసల్ది. తన బువ్వల సగం వాటికే.

ఒకనాడు పిల్లులు కైలాసం పడుగంత చింపినయి. ఉరికిండు ఆమె గడప కాడికి.

"ముసల్దానా, నీకే బువ్వకు దిక్కులేదు, పిల్లులకు దావత్ ఇస్తున్నవా? నడువ్, గల్లి ఇడిసి నడువ్!"

గల్లంత ఆయన దిక్కే. ఆమె గిన్నెలు మోరీల పారేసిండ్రు.

లస్మవ్వ ఏడ్వలే. మూట కట్టుకున్నది. మెల్లగ అన్నది, "ప్రేమతోని పెడుతున్న అనుకున్నవా బిడ్డా? అవి ఇండ్లల్లకు రావద్దని పెడుతున్న."

"పో పో, బెదిరియ్యకు!"

లస్మవ్వ ఎల్లిపోయింది. గా దినం నుంచి గల్లిల ఒక్క పిల్లి కనవడలే. అందరు ఖుష్.

అటెన్క ముసురు వట్టింది. పట్టపగలే చీకటి. భార్య నీళ్లకు పోయింది. ఇంట్ల కైలాసం, ఉయ్యాలల పసిపిల్ల. గంతే. గుంట మగ్గం కదా, ఆయన నేల మీద కూసోని, కాళ్లు గుంటల ఇడిసి నేస్తుండు. టక్... టక్... తడి మట్టి వాసన. పులిసిన గంజి వాసన.

కాళ్లకు ఏదో రాసుకున్నది. మెత్తగ.

వంగి సూసిండు. గుంట ఖాళీ.

మళ్ల... మడిమె నాకింది. గరుకు నాలుక.

కాళ్లు గుంజుకుందామంటే రాలే.

ఉయ్యాల ఊగవట్టింది. దాని దగ్గర ఎవ్వలు లేరు.

"పిల్లను ముట్టకు..." గుసగుసలాడిండు. "పెడ్త. ఇగ నేనే పెడ్త."

పక్కకున్న గంజి కుండ గుంటల వంపిండు. నాకుతున్న సప్పుడు. కాళ్లు ఇడిసినయి. హమ్మయ్య...

సప్పుడు ఆగలే. ఇప్పుడు గుంటల కాదు.

ఉయ్యాలల.

ఉరికి బట్ట తీసిండు. పిల్ల ఒక్కతే. ఏడుస్తలేదు. కండ్లు తెరిసి సూస్తున్నది. చెంప తడి.

తుడిసిండు. మళ్ల తడి.

గా పిల్లనే మా అమ్మమ్మ బాలలక్ష్మి. కైలాసం సచ్చేదాక రోజు గుంటల గంజి పోసిండట. అటెన్క ఎవ్వలు పొయ్యలే.

నిన్న అమ్మమ్మ పండుకుంటే ఆమె చెంప నేనే తుడిసిన. పొడి టవల్‌తోని, గట్టిగ. చెయ్యి తియ్యంగనే మళ్ల తడి.

వెచ్చగ.