మూడొందలు దాటితే

జానకిరామ్‌ని చంపినవాళ్ళు తూటా ఖర్చు కూడా పెట్టుకోలేదు. భీమవరం శివారు ఐస్ ఫ్యాక్టరీలో దిమ్మల్ని లాగే ఇనప కొక్కేలుంటాయి. అందులో ఒకటి అతని మెడలో దిగింది. తెల్లారి రొయ్యల లారీకి ఐసు ఎత్తిస్తుంటే పొడి ఎర్రగా పడింది. పైపు తుప్పనుకుని డ్రైవరు బూతులు తిట్టాడు. ఆ తర్వాత ఐసు నలగ్గొట్టే మిషన్‌లోంచి ఒక చెప్పు పడింది. చెప్పులో పాదం ఉంది.

చచ్చినవాడు రౌడీ కాదు, రాజకీయ నాయకుడూ కాదు. ఇంకా మార్కెట్లోకి రాని ఒక స్మార్ట్‌ఫోన్‌కి నెట్‌వర్క్ టెస్టులు చేసే ఇంజినీరు. అలాంటివాణ్ణి చంపడానికి ఎవడికి పనిపడుతుంది? ఫోన్ వేగం మీద వ్యాపారం చేసుకునేవాళ్ళకి పడుతుంది. వాళ్ళకి మనిషి ప్రాణం ఒక సిమ్ కార్డు. తీసి పారేస్తారు.

రెండు గంటలు తిరక్కుండా గూఢచారి వెంకటదుర్గ ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. "చందువా చేప దొరుకుతుందాండి?"

"గేలానికి పడదండి. వల వెయ్యాలి" అని కోడ్ జవాబు కొట్టి, ఆమె బస్టాండ్ ఎదురు టీ కొట్టుకి వెళ్ళింది.

చీఫ్ ఉదయభాస్కర్ అప్పటికే రాజమండ్రి నుంచి వచ్చి కూర్చున్నాడు. రొయ్యల మేత అమ్మే సేల్స్‌మన్ వేషం. మెళ్ళో ట్యాగు, కాళ్ళ దగ్గర మేత శాంపిల్ సంచి. వాసనకి పక్క బెంచీ ఖాళీ అయిపోయింది. ఆయనకి కావలసిందీ అదే.

"నెట్‌లో నెల రోజులుగా గొడవ చూస్తున్నావా దుర్గా?"

"రాబోయే ఫోన్ స్పీడ్ గురించేగా సార్? ఒకడు వెయ్యి ఎంబీపీఎస్ అంటాడు, ఇంకోడు పదివేలంటాడు. చూసినోడు ఒక్కడూ లేడు."

"చూసినోడు ఒకడుండేవాడు. పొద్దున్న ఐసులో దొరికాడు." చీఫ్ టీ ఊదుకున్నాడు. "ఆ ఫోన్లో ఉన్నది మన దేశంలో చేసిన మోడెం. మామూలు ఫోన్లు చచ్చిపోయే చోట, సముద్రం మీద కూడా టవర్ని పట్టుకుంటుంది. అది హిట్టయితే ఒక విదేశీ చిప్ కంపెనీ మూతేసుకోవాలి. ఆ కంపెనీ ఒక ముఠాని దింపింది. ముఠా పేరు ఆర్కిడ్."

"వాళ్ళ ప్లానేంటి?"

"అదే తెలీదు. మన దగ్గరున్నది ఒక్క తేదీ. ఇవాళ. పదకొండింటికి ఉషారాణి చానెల్లో లైవ్ స్పీడ్ టెస్ట్. అంతర్వేది పల్లిపాలెం నుంచి వేటకెళ్ళిన ఇరవై బోట్లలో ఇరవై టెస్ట్ ఫోన్లున్నాయి. అన్నిట్లోనూ ఒకేసారి."

ఉషారాణి అంటే తెలుగునాట ఫోన్ కొనేవాడెవడికైనా తెలుసు. నల్ల కళ్ళద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్, పదిహేను లక్షల సబ్‌స్క్రైబర్లు. చీఫ్‌కి ఆమె ఆర్కిడ్ లోపలున్న సొంత మనిషి. ఆర్కిడ్‌కి మాత్రం డబ్బులకి దొరికిన యూట్యూబరు.

వెంకటదుర్గ టీ గ్లాసు కింద పెట్టేసింది. "సార్, మా తమ్ముడు వీరబాబు బోటు మీద ఒక ఫోనుందండి."

"తెలుసు. అందుకే నిన్ను పిలిచాను."

*

పోలీసులు శవాన్ని మూటగట్టుకుని పోయారు. ఫ్యాక్టరీ ఆగలేదు. మనిషి పోతే ఆగుతారుగానీ రొయ్య కుళ్ళితే ఎవడూ ఊరుకోడు. వెంకటదుర్గ తలకి గుడ్డ చుట్టుకుని, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లేసుకుని, రొయ్యలు వొలిచే షెడ్డు మనిషిలా లోపలికి నడిచింది. జాకెట్టు గుండీలో కెమెరా, నడుం దగ్గర రెండు తూటాల చిన్న పిస్తోలు.

లోపల ఒకడు దిమ్మ దిమ్మకీ టార్చి వేసి చూస్తున్నాడు. తెల్ల చొక్కా, మెరిసే బూట్లు. పేరు మార్టిన్ అని, కొచ్చి నుంచి వచ్చిన రొయ్యల ఎక్స్‌పోర్టరునని మేనేజరుతో చెప్పుకున్నాడట. రొయ్యలు కొనేవాడికి ఐసులో ఏం వెతుకులాట?

"సార్, మా అయ్యగారి చెరువు రేపు పడతారండి. ముప్పై కౌంట్. ఎంతిస్తారండి?" అంది.

వాడు తల తిప్పకుండా, "ముప్పైయేనా? వంద కౌంట్ ఉంటే చెప్పు. డబుల్ ఇస్తా" అన్నాడు.

అంతే, దొరికిపోయాడు. కౌంట్ అంటే కిలోకి తూగే రొయ్యల లెక్క. ముప్పై తూగితే రొయ్య అరచెయ్యంత. వంద తూగితే చిటికెన వేలంత. దానికి డబుల్ ఇస్తానన్నవాణ్ణి భీమవరంలో పసిపిల్లలు కూడా రాళ్ళుచ్చుకుని తరుముతారు. స్పీడ్ అంకెలు అమ్ముకు బతికేవాడికి అంకె పెద్దదైతే సరుకూ పెద్దదే మరి.

ఆమె చూపు చూసి వాడికీ అర్థమైపోయింది. చెయ్యి చొక్కా కిందికి పోయింది. వెంకటదుర్గ ఆగలేదు. పక్కన తట్టలో ఉన్న ఐసు పొడి గుప్పెడు తీసి కళ్ళలో కొట్టింది. సైలెన్సర్ తుస్సుమంది. తూటా ఆమె చెవి పక్కనుంచి పోయి దిమ్మని పగలగొట్టింది. రెండో తూటాకి టైమివ్వలేదామె. గోడకున్న కొక్కెం లాగి వాడి అరచేతిని దిమ్మకి దిగ్గొట్టేసింది. ఎముక విరిగిన చప్పుడు ఐసు విరిగినట్టే ఉంది.

"ఏం వెతుకుతున్నావ్? మర్యాదగా చెప్పు."

వాడు ఏడుస్తూ చెప్పాడు. జానకిరామ్ ఒక ఫోన్ విప్పాడు. లోపల బ్యాటరీ మారిపోయి ఉంది. సగం బ్యాటరీ, సగం మందుగుండు. ఆ ఫోన్నే సాక్ష్యంగా ఐసు డబ్బాలో పడేసి దాచాడు. మిగతా ఇరవై అప్పటికే బోట్లెక్కాయి.

"ఎప్పుడు పేలుతుంది?"

"టెస్టులో స్పీడ్ మూడొందలు దాటితే. అప్పుడు జనం ఏమంటారో తెలుసా? ఇండియా మోడెం ఆ స్పీడ్‌ని తట్టుకోలేక పేలిందంటారు."

"జానకిరామ్ ఫోన్ విప్పాడని మీకెవరు చెప్పారు?"

చెయ్యి నెత్తురోడుతున్నా వాడు నవ్వాడు. "వాడే చెప్పుకున్నాడు. తను మీ మనిషినని ఉషారాణి చెబితే నమ్మి, ఆమెకే. ఆమె ఎప్పుడూ మా మనిషే."

నవ్వుతూనే రెండో చేత్తో కాలి మడమ దగ్గరున్న బుల్లి తుపాకీ లాగాడు. ఆమె వాణ్ణి గుండెల మీద ఒక్క తన్ను తన్నింది. అరచెయ్యి చీరుకుని కొక్కెం నుంచి ఊడింది. వెనక్కిపోయి వాడు పడ్డది ఐసు నలగ్గొట్టే మిషన్ నోట్లో. మిషన్ మనుషుల్ని గుర్తుపట్టదు.

*

"సిగ్నల్ చంపే జామర్ రాజమండ్రిలో ఉంది దుర్గా. పదకొండుకి అందదు" అన్నాడు చీఫ్ ఫోన్లో. "బోట్లలో వాళ్ళ సొంత ఫోన్లకి అంతదూరం సిగ్నల్ లేదు. కొత్త ఫోన్లకి కాల్ సౌకర్యం లేదు, డేటా ఒక్కటే."

"టవర్ ఆపించండి సార్!"

"టవర్ కంపెనీకి పదిసార్లు చేశాను. మీ కాల్ మాకెంతో ముఖ్యం, లైన్లో ఉండండి అంటోంది."

ఆమె మోటార్ సైకిల్ని నరసాపురం రేవు దాకా నేలకి తగలకుండా తోలింది. గోదారి దాటించే పంటు కదిలిపోతోంది. బండితో సహా దానిమీదికి దూకేసింది. వెనకాలే ఇంకో బండి దూకింది. హెల్మెట్ తియ్యని ఇద్దరు. అరటి గెలల ట్రాలీకీ పెళ్ళివాళ్ళ కారుకీ మధ్య ఒకడు కత్తి తీశాడు. ఆ కత్తి ఆమె ఎడమ భుజంలో దిగింది. ఆమె కేక వెయ్యలేదు. అరటి గెల ఎత్తి ముఖమ్మీద కొట్టి, కత్తిని తన భుజంలోంచే పీకి, వాడి తొడలో గుచ్చింది. రెండోవాడు తుపాకీ ఎత్తేలోపు వాళ్ళ బండినే ఇద్దరి మీదికీ తోసింది. బండీ ఇద్దరు మనుషులూ వశిష్ఠ గోదారిలో పడ్డారు. హెల్మెట్లు పైకి తేలాయి. మనుషులు తేలలేదు.

"ఏమ్మా, ఏంటిది?" అన్నాడు పంటు తోలేవాడు.

"గెల డబ్బులు వచ్చేటప్పుడిస్తానండి" అందామె.

*

పల్లిపాలెం ఇసకలో ట్రైపాడ్ మీద ఫోనూ, పక్కన పెద్ద స్క్రీనూ పెట్టుకుని ఉషారాణి లైవ్‌లో వెలిగిపోతోంది. వెనక టవర్ గేటుకి తాళం. గేటు ముందు ఇద్దరు తుపాకులవాళ్ళు.

"హాయ్ ఫ్రెండ్స్! స్పీడెంతొస్తుందో కామెంట్స్‌లో గెస్ చెయ్యండి! ఐదొందలా? వెయ్యా?"

వెంకటదుర్గ చీరకొంగుతో భుజం అదిమిపట్టి నడిచొచ్చింది. ఉషారాణి మైకు మ్యూట్ చేసి, కెమెరాకి కనబడకుండా పిస్తోలు ఆమె కడుపుకి ఆనించింది.

"లేటొచ్చావే దుర్గా."

"ఆపు ఉషా. ఇరవై బోట్లు. బోటుకి ఆరుగురు."

"ఆపే బటన్ నా దగ్గరుంటే కదా! సర్వర్ ఏ దేశంలో ఉందో నాకే తెలీదు. నెల్రోజులుగా నేను చెబుతున్నదొకటే, ఆ స్పీడ్‌కి బ్యాటరీ తట్టుకోదని. రేపు అందరూ ఏమంటారు? ఉషారాణి ముందే చెప్పింది అంటారు."

"ముందు పుకారు, వెనకాల శవాలు."

"ఈ టవర్నే ఎందుకెంచుకున్నానో తెలుసా? ఈ టైములో దీని సిగ్నల్ వాడేవాడు ఎవడూ ఉండడు. స్పీడ్ ఆకాశంలోకి పోతుంది."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఎందుకంటే వెంకటదుర్గ పుట్టింది ఆ ఇసకలో. బోట్లు ఒడ్డుకొచ్చే వేళ ఈ ఊళ్ళో ఫోన్ కలవదని ఆమెకి తెలుసు. చేపల వేలం పాట మొదలయ్యేలోపు పాటదారు ఆడవాళ్ళందరూ పాలకొల్లు, రాజోలు, భీమవరం కొట్లవాళ్ళకి వీడియో కాల్ కలుపుతారు. ముందు ఎవరి ఫోన్ కలిస్తే వాళ్ళదే బేరం. చేప తర్వాత, ఫోన్ ముందు. ఇప్పుడు వాళ్ళందరూ పాట షెడ్డు నీడలో ఖాళీ తట్టల మీద కూర్చుని బోట్ల కోసం ఎదురు చూస్తున్నారు.

స్క్రీన్ మీద టెస్ట్ మొదలైంది. నలభై. తొంభై.

వెంకటదుర్గ ఇసక తన్నింది. ఉషారాణి కళ్ళద్దాలు తుడుచుకునే లోపు వంగి పరిగెత్తింది. వెనక తూటా పేలింది. తొడ రాసుకుంటూ పోయింది. కుంటుకుంటూనే అరిచింది.

"అమ్మా! బోటొచ్చింది! నిండా చందువా!"

షెడ్డులో ముందు కూర్చున్న పాపాయమ్మ కూతురి వైపు చూసింది. సముద్రం వైపు చూసింది. అక్కడ బోటు లేదు. కూతురి చీర నిండా నెత్తురుంది. ముప్పై ఏళ్ళు పాట పాడిన గొంతు అది, ఒక్క ప్రశ్న వెయ్యకుండా లేచింది.

"ఒలమ్మో, చందువా అంటే! కలపండే ఫోన్లు! నాకన్నా ముందు కలిపితే ఊరుకునేది లేదు!"

ఇంకేముంది. రెండొందల కొంగుల్లోంచి రెండొందల ఫోన్లు బయటికొచ్చాయి. "వినపడతందాండి?" "పెద్ద సైజండి!" "ముందు రేటు చెప్పండి, తర్వాత చూపిస్తా!" షెడ్డు కోళ్ళగంపైపోయింది.

స్క్రీన్ మీద అంకె రెండొందల అరవై. రెండొందల ఎనభై. రెండొందల తొంభై ఏడు.

అక్కడ వణికింది. అక్కణ్ణుంచి జారింది. నూట నలభై. అరవై. పదకొండు.

టైమ్ అవుట్. టెస్ట్ ఫెయిల్డ్.

"ఎవత్తే అది నెట్ మింగేసింది!" ఉషారాణి కేక వేసి షెడ్డు వైపు పిస్తోలు తిప్పింది. వెంకటదుర్గ కింద పడి ఉన్న చోటినుంచే ట్రిగ్గర్ నొక్కింది. ఉషారాణి మణికట్టు చిట్లిపోయింది. గేటు దగ్గర తుపాకులవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఒకణ్ణి ఆమె తూటాతో పడేసింది. రెండోవాడికి ఆమె దగ్గర తూటా లేదు.

"మన బోట్లు పేల్చడానికొచ్చారే వీళ్ళు! వీరబాబున్నాడు, అందరున్నారు!" అని మాత్రం అరవగలిగింది.

ఆ తర్వాత జరిగింది ఏ డిపార్ట్‌మెంట్ రిపోర్టులోనూ లేదు. బోట్ల మీద ఉన్నది ఆ ఆడవాళ్ళ మొగుళ్ళు, కొడుకులు. వాళ్ళ చేతుల్లో తెడ్లున్నాయి, చేపలు కోసే కత్తిపీటలున్నాయి. రెండోవాడు ఒక్కసారి కాల్చాడు, గాల్లోకి. రెండోసారి కాల్చడానికి వేళ్ళు మిగల్లేదు. ఉషారాణిని పాపాయమ్మ తెడ్డుతో దవడ మీద ఒక్కటి వేసింది. ప్రాణం ఉంది. లైవ్ పెట్టే నోరే లేదు. కెమెరా ఇంకా తిరుగుతూనే ఉంది. కామెంట్లలో ఒకడు "పదకొండేనా, వేస్ట్ ఫోన్" అని రాశాడు. వాడికి నాలుగు వేల లైకులు.

అప్పుడెత్తారు టవర్ కంపెనీవాళ్ళు చీఫ్ ఫోను. టవర్ ఆగింది. ఇంకోసారి టెస్ట్ పెట్టే దారి మూసుకుపోయింది.

మధ్యాహ్నానికి బోట్లు ఒక్కొక్కటే ఒడ్డుకొచ్చాయి. బాంబు స్క్వాడ్ ఇసక బకెట్లు పట్టుకుని నీళ్ళలో నిలబడింది. కట్టు కట్టిన కాలుతో వెంకటదుర్గ తమ్ముడి బోటుకి తనే ఎదురెళ్ళింది. ఇంకెవర్నీ పోనివ్వలేదు.

వీరబాబు విసుగ్గా దిగాడు. చొక్కా జేబులో, సరిగ్గా గుండె మీద, కొత్త ఫోను మెరుస్తోంది.

"ఏంటక్కా ఇది? ఇంత గొప్ప చెప్పారు. టెస్టు పెడితే పదకొండొచ్చింది. దీనికన్నా నా పాత ఫోనే నయం. తీసుకెళ్ళిపో దీన్ని. అస్సలు స్పీడే లేదు."

"అవున్రా" అంది వెంకటదుర్గ, రెండు వేళ్ళు వాడి జేబు దగ్గరికి తీసుకెళుతూ. "కదలకు. స్పీడక్కర్లేదు."