మతిమరుపు మిషను

"మీకసలు మనసుందా?"

తలుపు తోసుకుని వస్తూనే అడిగిందామె. జుట్టు కొసల నుంచి వాన నీళ్లు కారుతున్నాయి.

యూనివర్సిటీ క్లస్టర్ గదిలో కేబుళ్లు సర్దుతున్న అతను గబుక్కున లేచాడు. ఈ కంప్యూటర్లన్నిటినీ కలిపి, ఒకే పెద్ద లెక్కను పంచుకుని చేసేలా కట్టింది అతనే. రేపు సాయంత్రానికల్లా అన్నిటినీ ఆపేసి గది ఖాళీ చెయ్యమన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి అతనికి తిండి సయించడం లేదు.

ఆమె పరిశోధన తుఫాన్ల మీద. చివరి లెక్క రేపటిలోగా తేలకపోతే ఏళ్ల తరబడి పడ్డ పాట్లన్నీ గంగపాలే.

"ఏమైందండీ?"

"నా లెక్క పొద్దుట్నుంచీ క్యూలో పడిగాపులు కాస్తోంది. మీ పేరు మీద మాత్రం ఒకటి జోరుగా నడుస్తోంది! తీరా చూస్తే ఏముంది? ఒకటి కలపడం, ఒకటి తీసెయ్యడం, మళ్లీ కలపడం! ఇదేనా తమరి రీసెర్చి?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "అది... మతిమరుపుది."

"ఎవరు, నేనా?"

"అయ్యయ్యో! ఆ చివరి మిషనండీ. మెమరీ పాడైంది. చేస్తున్న లెక్క మధ్యలో మర్చిపోతుంది. అందుకే క్యూలోంచి తప్పించాను. ఖాళీగా ఉన్నా మీ పని దానికి వెళ్లదు. మీ వంతు కాసేపట్లో వచ్చేస్తుంది."

"మరి పనికిరానిదానికి ఆ పనికిమాలిన పని దేనికి?"

అతను నేల చూపులు చూశాడు.

"మీరు దాని వెనకే కూర్చుంటారు కదా. పని లేకపోతే మిషను చల్లబడిపోతుంది."

పైనున్న ల్యాబు కప్పు కురవడం మొదలైనప్పటి నుంచి, ఆమె చోటు ఆ మిషను వెనకున్న చిన్న బల్ల దగ్గరే. గదంతా ఏసీకి చేతులు కొంకర్లు పోతున్నా అక్కడ మాత్రం వెచ్చటి గాలి వచ్చేది. తడిసిన చున్నీ కుర్చీ మీదే ఆరిపోయేది. ఏదో తన అదృష్టం అనుకుంది. అమ్మ పోయాక, తడిసొచ్చావా అని అడిగే దిక్కు తనకు లేదనుకుంది.

"చెప్పొచ్చుగా?" గొంతు తగ్గింది.

"చెబితే ఇంకో చోట కూర్చుంటారేమోనని."

మర్నాడు సాయంత్రానికి ఆమె లెక్క తేలింది. అతను మిషన్లను ఒక్కొక్కటిగా ఆపుతూ వచ్చాడు. హోరు తగ్గేకొద్దీ బయటి వాన వినబడసాగింది. చివరిదాని దగ్గర చెయ్యి ఆగింది.

"ఆపండి," అందామె మెల్లగా.

ఆపాడు. వెచ్చటి గాలి పలచబడి, పోయింది.

"దీన్ని తుక్కులో వెయ్యకుండా అడిగి తీసుకున్నాను. ఇంటికి పట్టుకెళ్తా."

"ఇంట్లో ఊరుకుంటారా?"

"నాన్న ఒక్కరేగా. పాడైపోయింది మనకెందుకురా అన్నారు. అప్పుడు మీ సంగతి చెప్పాల్సొచ్చింది."

"ఏమన్నారు?"

"మిషను సంగతి తర్వాత, ముందా తడిసిన పిల్లకి తుడుచుకోడానికేమైనా ఇవ్వరా వెధవా అన్నారు."

సంచిలోంచి మడత నలగని తువ్వాలు తీసి ఇచ్చాడు.

ఆమె దాన్ని మొహానికి అదుముకుంది. ఎంతకీ తియ్యలేదు.

"మీ నాన్నగారితో చెప్పండి," అంది అందులోంచే, "ఉతికి, నేనే తెచ్చిస్తానని."