మామ్మను పిలిచిన ఇల్లు

బర్మాలో తాకేటా అనే పేటలో మాది రెండు గదుల ఇల్లు. మధ్యలో గోడ లేదు, చెక్క పలకల అడ్డు ఒకటుంది. ముందు గదిలో నేను, నా కుట్టుమిషను, బొగ్గుల పొయ్యి. వెనక గదిలో నన్ను అప్పా అని పిలిచే తమ్ముళ్ళు విన్సెంట్, సైమన్. మామ్మ మేరమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ గదిలోనే కిటికీ కింద పడుకుని అడ్డచుట్ట కాల్చేది. ఆ వాసన పలకల్లో ఇంకిపోయింది.

వెనక గదిలో విన్సెంట్ పెద్ద కాగితం ఒకటి అంటించాడు. అది మా వంశం. గంజాం నుంచి ఓడెక్కి వచ్చిన ముత్తాత దండాసితో మొదలై మా ముగ్గురితో ఆగుతుంది. మేం పుట్టుకతో బాప్టిస్టులమే అయినా, ఆరేడేళ్ళ కిందట నేనూ విన్సెంటూ మోర్మన్ సంఘంలో చేరాం. చనిపోయినవాళ్ళ పేర్లు వెతికి రాయడం అక్కడ పెద్ద పని. కుటుంబాన్ని చావు విడదీయలేదని, అందరూ మళ్ళీ ఒకచోట చేరతారని వాళ్ళ నమ్మకం. ఆ మాట నచ్చే నేను చేరాను. ఇప్పుడు అదే మాట తలచుకుంటే ఒళ్ళు జలదరిస్తోంది.

ఆ కాగితం మీద అందరం పేరు పక్కన సంతకం చేశాం. మామ్మకి చదువు రాదు. గిన్నె అడుగు మసి బొటనవేలికి రాసుకుని ముద్ర వేసింది. ఎప్పుడో చేప కోస్తుంటే కత్తిపీటకి తెగిన వేలు అది. అందుకే ముద్రకి అడ్డంగా ఒక తెల్లగీత పడింది.

విన్సెంట్‌ది కంప్యూటర్ పని. దానికి తోడు ఒక పిచ్చి.

"దేవుడు గారడీ సెయ్యడప్పా. ఆయనకి తెలిసిన రూళ్ళు మనకింకా తెలీవు, అంతే. ఒక్కోటీ నేర్సుకుంటన్నాం. సచ్చినోల్ని లేపడం కూడా ఎప్పుడో మనుసుల సేతి పనే అవుద్ది" అనేవాడు.

"ముందు ఆ ఫ్యాను తిరిగేలా సెయ్యిరా" అనేదాన్ని.

వాడు ఫ్యాను జోలికి పోలేదు. మామ్మ చేత గంటలకొద్దీ పాత కబుర్లు చెప్పించి, రికార్డు చేసి, ల్యాప్‌టాప్‌లో ఏదో తయారుచేశాడు. మనం ప్రశ్న టైపు చేస్తే అది మామ్మ గొంతుతో జవాబు చెబుతుంది. మామ్మ ఒక్కసారి విన్నది. నవ్వలేదు.

"నాను పోనాక దీన్ని ఆపీరా. నన్ను పిలవకు. పిలిస్తే వొస్తాను. వొస్తే మాత్రం ఒట్టి సేతుల్తో ఎల్లను" అంది.

విన్సెంట్ ఆవిడ చేతిలో చెయ్యేసి మాటిచ్చాడు.

ఆ అక్టోబరులో కరోనాతో మామ్మ పోయింది. సంచిలో చుట్టి ఎవరో తీసుకెళ్ళారు, ముఖం కూడా చూడనివ్వలేదు. మూడోరోజుకల్లా విన్సెంట్ మాట తప్పి దాన్ని తెరిచాడు. నేనూ ఆపలేదు. ఆ గొంతు వినాలనిపించింది, ఏం చెయ్యను?

ఫిబ్రవరిలో సైన్యం దేశాన్ని లాక్కుంది. మా చిన్నోడు సైమన్ నెత్తిన ప్లాస్టిక్ టోపీ పెట్టుకుని ఊరేగింపులకి వెళ్ళాడు. మార్చిలో కాల్పులు మొదలయ్యాక దాక్కున్నాడు. ఎక్కడున్నాడో నాకొక్కదానికే తెలుసు. ఆ సంగతి నా నోట రానంతకాలం వాడు బతుకుతాడు. నా పని అదొక్కటే.

తర్వాత సైనికులు విన్సెంట్‌ని పట్టుకెళ్ళారు. నాలుగోరోజు భుజాన సంచితో తిరిగొచ్చాడు. పెదవి వాచింది, కుడిచేతి వేళ్ళకి కట్లు. ఏం జరిగిందిరా అంటే గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఫోన్లలో నెట్ లేదు. వీధిలో ఎవరి తలుపులు వాళ్ళు వేసుకున్నారు.

రోజూ రాత్రి ఎనిమిదింటికి మాత్రం వీధి వీధంతా గిన్నెలు మోగించేది. ఇంట్లో చేరిన చెడుని బర్మావాళ్ళు అలా తరుముతారు. సైనికుల్ని కూడా అలాగే తరుముదామని అందరి ఆశ. నేను మామ్మ అన్నంగిన్నె మీద గరిటెతో బాదేదాన్ని. మోత ఉన్నంతసేపూ ఇంట్లో చుట్ట వాసన ఉండేది కాదు. మోత ఆగాక మళ్ళీ వచ్చేది, కాల్చినంత తాజాగా. పలకల వాసనేలే అనుకున్నాను.

ఒక రాత్రి మోత ఆగగానే పలకల అవతల నుంచి మామ్మ గొంతు వినిపించింది.

"ఓలె గుంటా... సిన్నోడు అన్నం తిన్నాడేటి?"

విన్సెంట్ ల్యాప్‌టాప్ తెరిచాడనుకున్నాను. ఈ సమయంలో వీడికి ఆటలు కావలసివచ్చాయా అని తిట్టుకున్నాను. రెండోరోజూ అదే మాట. మూడోరోజు కరెంటు పోయింది. చీకట్లో గొంతు బాగా దగ్గరకొచ్చింది... పలకకి నోరు ఆనించి మాట్లాడినట్టు.

"సిన్నోడెక్కడున్నాడే? ఆకలితో ఉన్నాడేమోనే..."

నన్ను ఆ మాట అడిగి ఏడ్చేవాళ్ళు ఇంకెవరున్నారు? నేనూ పలకకి నోరు ఆనించాను.

"సంచౌంగ్‌లో... దర్జీ కొట్టు మేడ మీద. ఎవలికీ సెప్పకే మామ్మా."

వెర్రిదాన్ని. మనసు తేలికపడి ఆ పూట హాయిగా నిద్రపోయాను.

మర్నాడు మధ్యాహ్నం పక్కింటి బర్మావిడ డా మ్యా వచ్చి గుమ్మంలో కూలబడింది. పొద్దున్నే సైమన్‌ని పట్టుకెళ్ళారట. సైనికులు వీధిలో ఎవరినీ ఏమీ అడగలేదట, తిన్నగా దర్జీ కొట్టు మేడెక్కారట.

నేను రోకలి తీసుకుని వెనక గదిలోకి వెళ్ళాను.

"మామ్మ గొంతుతో నా సేత సెప్పించినావురా? తియ్యి దాన్ని, పగలగొడతాను!"

విన్సెంట్ లేవలేదు. సంచి బోర్లించాను. రెండు చొక్కాలు, ఒక టూత్‌బ్రష్ పడ్డాయి. ల్యాప్‌టాప్ లేదు.

"అది మొదటిరోజే లాక్కున్నారప్పా" అన్నాడు.

"మరి నాతో మాటాడిందెవలురా?"

వాడు లేచి కూర్చున్నాడు.

"నువ్వు నిన్న సెప్పింది ఇన్నాను. తెల్లారగానే నానే ఎల్లి సెప్పీసినాను. సెప్పకపోతే నిన్ను తీసుకుపోతామన్నారు. సిన్నోణ్ణి ఏటీ సెయ్యమన్నారప్పా..."

దలాన్. వేగులవాళ్ళని ఇక్కడ అలా అంటారు. ఆ మాట ఊళ్ళో వాళ్ళనీ వీళ్ళనీ అనడం విన్నాను. నేను ఎత్తి పెంచినవాడిని అనాల్సివస్తుందనుకోలేదు. అప్పుడు వాడు గొంతు తగ్గించి ఇంకో మాట అన్నాడు.

"కానీ అప్పా... నాకు నీ గొంతొక్కటే ఇనపడింది. మూడు రోజులూ. నీలో నువ్వే మాటాడుకుంటన్నావనుకున్నాను."

రోకలి కింద పెట్టేశాను.

రాత్రి ఎనిమిదయింది. వీధంతా మోత. నేను పరుగున వచ్చి అన్నంగిన్నె అందుకుని గరిటె ఎత్తాను.

"కొట్టకే గుంటా."

వెనక గదిలో కిటికీ కింద నుంచి. తొంగిచూస్తే అక్కడెవరూ లేరు. చుట్ట వాసన కళ్ళు మండించింది. కొడదామనే చెయ్యి ఎత్తాను. అప్పుడు ఆ గొంతు పక్కనుంచే ఇంకో గొంతు వచ్చింది. చిన్నగా, దగ్గుతూ...

"అప్పా... కొట్టకు. ఇప్పుడే వొచ్చినాను."

సైమన్.

వాడు ఇక లేడని నాకు అప్పుడు తెలిసింది. కొడితే వాణ్ణి కూడా తరిమినట్టే. గిన్నె దించేశాను. మామ్మ గొంతు తృప్తిగా అంది, "అందరం ఒక్కసోటే ఉంటాం గదే."

తెల్లారాక కాగితం చూశాను. సైమన్ పేరు పక్కన మసి వేలిముద్ర. దానికి అడ్డంగా తెల్లగీత.

విన్సెంట్ కూడా చూశాడు. ఆ రోజంతా నా వెనకే తిరిగాడు. ఎనిమిదింటికి నా కాళ్ళు పట్టుకున్నాడు.

"కొట్టప్పా. నీ కాళ్ళకి దణ్ణం. కొట్టు..."

వాడి విరిగిన వేళ్ళకి గరిటె నిలవడం లేదు. గిన్నెలన్నీ నా ఒళ్ళోనే ఉన్నాయి. వీధంతా మోగింది. మా ఇల్లొక్కటే మోగలేదు. నేను వాణ్ణి క్షమించలేదు, ఆ మాట దాచుకోను.

ఈ పొద్దున లేచేసరికి వెనక గదిలో విన్సెంట్ లేడు. దోమతెర నాలుగువైపులా పరుపు కిందకి దోపి ఉంది. వీధి తలుపు గడియ లోపలి నుంచి వేసే ఉంది.

కాగితం మీద వాడి పేరు పక్కన కొత్త వేలిముద్ర. దగ్గరకెళ్ళి చూశాను. ఈసారి అడ్డంగా గీత లేదు.

పొయ్యి దగ్గరకొచ్చి చేతులు కడుక్కుంటున్నాను. నా కుడి బొటనవేలి మసి ఎంత తోమినా వదలడం లేదు.