ఆరు నిమిషాలు

మొదటిరోజే మా లైబ్రేరియన్ నా చేతిలో రబ్బరు పెట్టింది. నేను పెన్సిల్‌తో గీతలు గీసిన పుస్తకం ముందుకు తోసి, అన్నీ చెరిపేదాకా కుర్చీలోంచి లేవొద్దంది. డాక్టరేట్ ఉన్నవాణ్ణని గొప్పలు పోయాను. అయితే ఇంకా శుభ్రంగా చెరపగలరంది. రెండొందల పేజీలు చెరిపి లేచేసరికి ప్రేమలో పడి ఉన్నాను, ఏం చేస్తాం.

నా పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్ ఇళ్లలో జరిగే హింస గురించి. దాన్ని ముందే పసిగట్టి ఆపడం, దెబ్బలు తిన్న మనసుల్ని మళ్లీ నిలబెట్టడం. అందుకోసం ఇల్లు వదలాల్సి వచ్చేవాళ్లకు జాగ్రత్తలు చెప్పే కరపత్రం ఒకటి రాసి లైబ్రరీలో పెట్టాను, ఆడవాళ్లను అడగడానికి ముప్పై ప్రశ్నలు తయారుచేశాను. అసలువాళ్ల దగ్గరికి వెళ్లేముందు ఎంతసేపు పడుతుందో చూసుకోవాలి. ఆమె ఎదురుగా కూర్చోవడానికి అంతకన్నా మంచి సాకు నాకు దొరకదు. జవాబులు ఊరికే కల్పించి చెప్పమన్నాను. బయట వాన దంచుతోంది. ఆమె నా వంక ఓసారి చూసి సరేనంది.

ఇంట్లో ఎవరన్నా భయమా అంటే అన్నయ్యంటే అంది. ఎప్పట్నుంచి అంటే నాన్న పోయిన దగ్గర్నుంచి అంది. బయట గడియ పెట్టడం, జుట్టు పట్టుకుని లాగడం, అన్నీ గడగడా చెప్పేసింది. నేను స్టాప్‌వాచ్ నొక్కి నవ్వాను.

"భలే కల్పించారండీ. నటనకి పదికి పది."

ఆమె కూడా నవ్వింది. వాన తగ్గకముందే గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

ఆ వారమంతా మరో పదిమందిని అవే ప్రశ్నలు అడిగాను. కల్పించి చెప్పాలి కదా, ప్రతి ప్రశ్నకీ తడుముకున్నారు. పద్దెనిమిది నిమిషాలకు తక్కువ ఎవరికీ పట్టలేదు. ఆమెకు పట్టింది ఆరు. ఆమె ఏదీ కల్పించలేదని ఆ అంకె చూశాక అర్థమైంది. నా చదువు తగలెయ్య.

లైబ్రరీకి పరుగెత్తాను. ఆమె సొరుగు ఖాళీ చేస్తోంది. ఉద్యోగం మానేసిందట, తాళాలు అప్పగించడానికి వచ్చిందట. క్షమించమన్నాను. ప్రేమిస్తున్నానని కూడా అనేశాను. ఆ మాటకు అదా సమయం?

"మీతో చెప్పుకోవాలని చాలా రోజుల్నుంచి ఉండేది," అంది. "కల్పించమన్నారు కాబట్టి ధైర్యం వచ్చింది. మీరేమో మార్కులేశారు."

నిన్న అన్నయ్య పనికి వెళ్లాక ఇల్లు వదిలి వచ్చేసిందట. ఇప్పుడెక్కడ ఉంటున్నారని అడిగాను.

"ఎవరికీ చెప్పొద్దని మీ కరపత్రంలోనే ఉంది కదండీ. ఎంత దగ్గరివాళ్లకైనా సరే అని."

ఆ వాక్యం రాసింది నేనే. తీసెయ్యమన్న ప్రొఫెసర్‌తో గొడవపడి మరీ ఉంచాను. ఫోనన్నా చేస్తారా అని బతిమాలుకున్నాను.

"చెయ్యాలనిపిస్తే నేనే చేస్తాను. వెతక్కండి."

సంచి భుజాన వేసుకుని మెట్లు దిగిపోయింది. ఎదురుగా బస్‌స్టాపు. ఆమె ఏ బస్సెక్కుతుందో కిటికీలోంచి స్పష్టంగా కనిపిస్తుంది. నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను.